తోలు కప్పిన గొర్రెపిల్ల

ఒక్కొక్కరికి ఒక్కో ఆశ. పత్తికొండ పక్కన గొర్రెలు కాసుకునే హులిగెమ్మకు కావలసింది ఒక్క మాట. తాను పెంచిన పిల్ల మధులత తనను మళ్లీ 'అమ్మా' అనాలి. అంతకుమించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు. పిల్ల మాట్లాడదా అంటే, భేషుగ్గా మాట్లాడుతుంది. కర్నూల్లో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం, ఆదివారం వస్తే ఫోన్ చేస్తుంది, 'తిన్నావా చిన్నమ్మా' అంటుంది, ఊరికి వచ్చేటప్పుడు సంచీ నిండా పండ్లు తెస్తుంది. ఆ 'చిన్నమ్మా' దగ్గరే హులిగెమ్మకు ముద్ద గొంతు దిగదు. తల్లి పోయాక వచ్చిన మనిషిని చిన్నమ్మ అంటే తప్పేముంది అని మీరు అనొచ్చు. నిజమే, తప్పేమీ లేదు. కానీ అమ్మా అమ్మా అని కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, బడికి పోయే వయసులో ఒక సాయంత్రం నుంచి ఉన్నట్టుండి చిన్నమ్మా అనడం మొదలుపెడితే ఆ మనిషికి ఎట్లా ఉంటుందో కాస్త ఆలోచించండి.

ఆ సాయంత్రం గురించి చెప్పాలంటే ముందు ఒక చీర గురించి చెప్పాలి.

మధులతను కన్నతల్లి పేరు రాజేశ్వరి. పిల్ల ఇంకా దోగాడే వయసులోనే ఆమె జ్వరం వచ్చి పోయింది. పిల్ల ఎవరి చేతికీ పోదు. మేకపాలు పడితే ఉమ్మేస్తుంది, ఎత్తుకుంటే విల్లులా విరుచుకుపోతుంది. ఏడ్చి ఏడ్చి గొంతు కూడా రాకుండా పోయింది. తండ్రి ఓబులేష్‌కు మందను చూసుకోవాలో పిల్లను చూసుకోవాలో తెలియక మతి పోయినట్టయింది. అతని తల్లి మద్దమ్మ మాత్రం గట్టి మనిషి. ఏడుస్తూ కూర్చోకుండా హొళగుంద వైపు నుంచి హులిగెమ్మను వెతికి తెచ్చి కొడుక్కు కట్టబెట్టింది. కొత్త కోడలు గడప దాటి లోపలికి రాగానే ఆమె చేతిలో ఒక చీర పెట్టింది. పసుపు చీర, నల్ల అంచు. రాజేశ్వరి ఆఖరున కట్టి విడిచినది. ఉతకలేదు.

"నీ పెండ్లి చీర ఇప్పేసి ఇది కట్టుకో. ఉతకొద్దు. ఉతికితే పిల్ల మనకు దక్కదు" అంది మద్దమ్మ.

హులిగెమ్మకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. తనూ గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిందే. మందలో ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోతుంది, ఇంకొక పిల్లకు తల్లి చచ్చిపోతుంది. ఈ పిల్లను తీసుకుపోయి ఆ గొర్రె దగ్గర వదిలితే వాసన చూసి తలతో కుమ్మి తరిమేస్తుంది. పిల్లను గుర్తుపట్టడానికి గొర్రెకు ముక్కే ఆధారం. అప్పుడు చచ్చిన పిల్ల తోలు ఒలిచి, బతికిన పిల్లకు చొక్కా తొడిగినట్టు తొడిగి, పొట్ట కింద పురికొసతో కడతారు. గొర్రె వచ్చి తోక దగ్గర వాసన చూస్తుంది, నా బిడ్డే అనుకుంటుంది, పాలు చేపుతుంది. మనిషి పిల్లకైనా అంతే అనుకుంది మద్దమ్మ. చెప్పొద్దూ, అంతే అయింది కూడా. ఆ చీర కట్టుకుని హులిగెమ్మ కూర్చోగానే పిల్ల దేక్కుంటూ వచ్చి ఒళ్లో ముఖం దాచుకుంది, కొంగు నోట్లో కుక్కుకుంది, వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయింది. హులిగెమ్మ కదలకుండా అట్లాగే కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. ఆ నిద్ర తన ఒడిని చూసి కాదని ఆమెకు తెలుసు. తెలిసినా ఒళ్లో ఆ బరువు ఎంత బాగుందంటే, పెళ్లి చీర విప్పించారన్న బాధ ఆ గంటలోనే మరిచిపోయింది.

ఆ తర్వాత ఆ చీర ఆమె ఒంటి మీదే ఉంది. పాలు పట్టినా, సంగటి మెదిపి పెట్టినా, ఎండకు కొంగు కప్పినా అదే చీర. ఎప్పుడో ఒకరోజు ఉతకక తప్పలేదు. ఉతికాక కూడా పిల్ల తన దగ్గరికే వచ్చింది. అప్పటికి పిల్లకు మాటలు వస్తున్నాయి, మొదట వచ్చిన మాట 'అమ్మా'. ఆ చీర చినిగితే ఉయ్యాలగుడ్డ అయింది, తర్వాత కప్పుకునే ఉన్ని కంబడికి అతుకు అయింది, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ అయింది. బీదాసాదా ఇళ్లల్లో ఏ చీర కథైనా అంతే కదా.

ఇక మద్దమ్మ నోరు ఊరుకుంటేనా? ఒక ఏడు ఉన్ని కత్తిరించే రోజు నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉంటే, తన తెలివి తానే మెచ్చుకుంటూ మొదలుపెట్టింది. "గొర్రెపిల్లకు తోలు కప్పినట్ల మా హులిగికి సచ్చిన కోడలి చీర కప్పినా. లేకుంటే ఈ పాప బతికేదా?" అని పకపకా నవ్వింది. బడి నుంచి వచ్చిన మధులత బ్యాగు భుజాన వేసుకుని వెనకే నిలబడి ఉంది. తనను కన్నది హులిగెమ్మ కాదని ఆ పిల్లకు అంతవరకు తెలియదు. ఆ సాయంత్రం ఇంట్లో ట్రంకుపెట్టె, అటక, మూటలు అన్నీ తిరగేసింది.

"మా అమ్మ చీర యాడ?" అని అడిగింది.

"చినిగిపాయె పాపా" అంది హులిగెమ్మ.

పిల్ల ఏడవలేదు. "మా అమ్మ వాసన అంతా నువ్వే కట్టుకోని అరగదీస్తివి. నాకు రవ్వంత కూడా మిగల్చకపోతివి" అంది. అంతే. ఆ మర్నాటి నుంచి చిన్నమ్మా అనడం. హులిగెమ్మ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఏమని చెబుతుంది? పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదాయె. ఆ రోజు నుంచి లోపల్లోపల కుమిలిపోవడమే ఆమె పని. మద్దమ్మ కూడా కొన్నాళ్లకు పోయింది. ఆమె పోతే పోయింది, ఆమె అన్న మాట మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇదిలా ఉండగా పోయిన ఏడు హులిగెమ్మ మడమ కింద ఒక నల్లమచ్చ కనిపించింది. గొర్రెల వెంట తుమ్మముళ్లలో తిరిగే కాళ్లకు మచ్చలు కొత్తా? ముల్లు విరిగి లోపలే ఉండిపోయిందనుకుంది. సూదితో కెలికింది, జిల్లేడు పాలు పెట్టింది. మచ్చ తగ్గలేదు సరికదా, వేలెడంత వెడల్పయి పుండు పడింది. కుంటుతూనే మంద వెంట తిరిగింది. గజ్జలో బిళ్ల కట్టాక మధులతకు తెలిసి, ఒక్క అరుపు అరిచి, కర్నూలు తీసుకుపోయింది. అది ముల్లు కాదు, చర్మానికి వచ్చే క్యాన్సరు అన్నారు. మడమ కోసి ఆపరేషన్ చేశారు, గజ్జలో బిళ్ల తీశారు. కొన్ని నెలలకు మళ్లీ చూస్తే ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు కనిపించాయి.

"ఒక మందు ఉంది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను, పనిచేసినవాళ్లకు మాత్రం బాగా పనిచేసింది. ఇది తప్ప ఇప్పుడు వేరే దారి నాకు కనిపించట్లేదు. సోమవారం మొదలుపెడదాం" అంది డాక్టరు తనూజ.

బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక హులిగెమ్మ అడిగింది. "పాపా, ఇంత ముల్లు దిగితేనే ఒళ్లు ఊరుకోదు గదా. చీము పట్టి బయటికి తోస్తాది. మరి ఈ గడ్డ ఇన్ని దినాలు లోపలుంటే ఒళ్లు ఏం చేస్తాండె? ఎందుకు తోయలేదు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మధులతకు ముచ్చటేసింది. అది తను చదువుకున్న చదువే మరి.

"మన నెత్తురులో కాపలా కణాలు ఉంటాయి చిన్నమ్మా. అవి ఒళ్లంతా తిరుగుతా ఒక్కొక్క కణాన్నీ తడిమి చూస్తాంటాయి. ఇంటిదైతే వదిలిపెడతాయి, పరాయిదైతే సంపేస్తాయి. ముల్లు పరాయిది, ఎమ్మటే తెలిసిపోతాది. ఇది అట్ల కాదు. మన ఒంట్లోనే పుట్టి చెడిపోయిన కణం ఇది. చెడిందని కాపలావాళ్లు కనిపెట్టగలరు. అందుకే ఇది పైన ఒక గుర్తు పెట్టుకుంటాది. నేను ఇంటిదాన్నే, నన్నేమీ చేయొద్దు అని చెప్పే గుర్తు. కాపలా కణం వచ్చి తడుముతాది, ఆ గుర్తు చేతికి తగుల్తాది, సల్లబడి ఎనక్కి పోతాది."

"గుర్తంటే ఎట్లాంటిది?"

మధులత ఒక్క క్షణం ఆలోచించింది. ఈ చదువుకున్న పిల్లలకు ఒక పోలిక తట్టిందంటే ఇక వెనకా ముందూ చూడరు.

"మనం గొర్రెపిల్లకు తోలు కప్పుతాం సూడు, అట్లనే అనుకో. లోపల ఉండేది వేరే, పైన వాసన ఇంటిది. ఈ మందు ఏం చేస్తాదంటే, ఆ తోలు వాసన కాపలావాళ్లకు తగలకుండా అడ్డం పడతాది. అప్పుడు దాన్ని గుర్తుపడతాయి."

"గుర్తుపట్టి కుమ్మేస్తాయా?"

"కుమ్మేస్తాయి. ఒక్కోసారి కాపలావాళ్లకు అనుమానం ఎక్కువై ఇంటివాటిని కూడా కొడతాయి. దురద పుట్టొచ్చు, విరేచనాలు పట్టుకోవచ్చు. దానికి డాక్టర్లు మందులు ఇస్తార్లే. భయపడొద్దు."

హులిగెమ్మ తల ఊపింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మధులత అది చూసింది గానీ జబ్బు భయం అనుకుంది. ఆ మధ్యాహ్నమే హులిగెమ్మ మందకు నీళ్లు పెట్టాలని చెప్పి ఊరి బస్సెక్కింది. సోమవారం రాలేదు. ఆ మరుసటి సోమవారం కూడా రాలేదు.

ఓబులేష్ ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ సూదీ వద్దు మందూ వద్దంటాండాది పాపా. ఎందుకంటే నోరు ఇప్పదు. నేను సెప్పి సెప్పి అలిసిపోతి. నువ్వొచ్చి సూడు."

 మధులత డాక్టరు తనూజను బతిమాలి ఇంకొక్క వారం గడువు అడిగి, శనివారం సాయంత్రమే ఇంటికి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు, మంద ఊరి బయట కందిచేలో ఉంది. కంది కోసిన చేలో ఎరువు కోసం మందను ఆపడం అక్కడ మామూలే, మనుషులు కూడా అక్కడే పడుకుంటారు. తెల్లవారి వెలుగు రాగానే చేను దారి పట్టింది. వల కట్టిన దొడ్డి లోపల గొర్రెలు లేచి దులుపుకుంటున్నాయి. హులిగెమ్మ కంబడి కప్పుకుని, కోసిన మడమ కింద గోనెపట్ట వేసుకుని ఒక మూల కూర్చుని ఉంది. ఎంత చిక్కిపోయిందో. 

"ఎందుకు రానంటాండావు?" అని మధులత పక్కన కూర్చుంది.

 హులిగెమ్మ మందనే చూస్తూ, ఇన్నేళ్లుగా దాచిపెట్టుకున్నది మెల్లగా చెప్పింది.

"నేను మీ ఇంటికి ఎట్ల వచ్చినానో అది నా ఒంట్లోకి అట్లనే వచ్చిండాది పాపా. ఇంటిదాన్నే అని తోలు కప్పుకోని వచ్చిండాది. నేనూ అట్లనే వస్తి గదా. నీ తల్లి వాసన అరగదీస్తి. దాన్ని కుమ్మి సంపండని నేను ఏ మొగం పెట్టుకోని సెప్పేది? నాకు తగిందే వచ్చింది. నువ్వే సెప్తివి గదా, రెండూ ఒకటేనని."

 తను అట్లా చెప్పిందా అని మధులత వెనక్కి తలుచుకుంది. బెంచీ మీద ఆ రోజు తన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అర్థమవ్వాలని చెప్పిన పోలిక ఈ మనిషి గుండెల్లో ఎట్లా దిగిందో ఇప్పుడు తెలిసింది. చదువుకుని ఏం లాభం, చిన్నప్పటి మాట తను మరిచిపోయినంత మాత్రాన పడ్డవాళ్లు మరిచిపోతారా? కాదని చెప్పబోయింది.

అంతలో దొడ్డిలో ఒక గొర్రెపిల్ల అరిచింది. పిల్ల మీద ఇంకొక తోలు, ఎండి అంచులు ముడుచుకుపోయింది, ఈగలు ముసురుతున్నాయి.

"ఇది ఎప్పుడు కప్పినారు? కంపు కొడతాంటే ఇంకా తీయలేదే" అంది మధులత.

దొడ్డి అవతల వల విప్పుతున్న ఓబులేష్ అందుకున్నాడు. "మీ చిన్నమ్మ సంగతి నీకు తెలీదా? ప్రతిసారీ ఇంతే. పురుగు పట్టేదాకా తీయదు, నన్ను తీయనీదు."

"తీస్తే కుమ్మితే?" అంది హులిగెమ్మ. "ఒగసారి తొందరపడి తీస్తిమి. నీకు గుర్తుందో లేదో. పిల్ల డొక్క పగిలి సచ్చిపాయె. ఉండనీలే, ఒంటి మీద ఉంటే దానికేం బరువా?"

మధులత లేచింది. పిల్లను పట్టుకుని కాళ్ల మధ్య ఇరికించుకుంది. "వద్దు పాపా" అని హులిగెమ్మ చెయ్యి చాచింది. మధులత వినలేదు. పొట్ట కింద పురికొస తెంపేసింది, తోలు లాగి దూరంగా విసిరింది. లోపలి పిల్ల తెల్లగా, సన్నగా, వణుకుతూ నిలబడింది. దానికి పాలిస్తున్న గొర్రె తల తిప్పింది. హులిగెమ్మ కంబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొర్రె వచ్చి పిల్ల తోక దగ్గర వాసన చూసింది, ఇటు తిరిగి మళ్లీ చూసింది, గుర్రుమని చిన్న చప్పుడు చేసింది. పిల్ల దాని కిందికి దూరి పొదుగును పొడిచింది. గొర్రె కాళ్లు ఎడం చేసి నిలబడి పాలు చేపింది.

"ఎందుకు కుమ్మలేదు చిన్నమ్మా?" అంది మధులత. ఆమెకు తెలియక కాదు, ఆ మాట ఈ మనిషి నోటి నుంచే రావాలని అడిగింది.

హులిగెమ్మ ఊపిరి వదిలింది. "ఇన్ని దినాలూ దాని పాలే గదా తాగిండాది. ఇప్పుడు పిల్ల ఒంట్లో నుంచి దాని పాల వాసనే వస్తాంటాది. ఇంక తోలుతో పనేముంది?" అంది. గొర్రెలు కాసే ఎవరైనా చెప్పే మాటే. చెప్పాక, ఆ మాట తనకే తగిలినట్టు, మధులత వైపు చూసింది.

మధులత వచ్చి ఆమె పక్కనే కూలబడి, కంబడిలో తల దూర్చి, చిన్నప్పటిలాగా ముఖం దాచుకుంది.

"హాస్టల్లో జ్వరం వచ్చినప్పుడల్లా మా అమ్మ వాసన కావాలని ఏడుస్తాంటి. కండ్లు మూసుకుంటే ఏం వాసన వచ్చేదో తెలుసునా? కంబడి వాసన. కట్టెల పొగ. నీ వక్కాకు వాసన. రాజేశ్వరమ్మ వాసన ఎట్లుంటాదో నాకు తెలీనే తెలీదు. ఆ చీర దొరికిండినా నాకు ఏం తెలిసేది? నేను ఇన్నేండ్లూ వెతుక్కునింది నీ వాసనే."

హులిగెమ్మ చెయ్యి పిల్ల తల మీదికి వచ్చి ఆగింది. 

"ఇంకొకటి విను. నీకూ దానికీ పోలిక పెట్టిన నా నోటికి బుద్ధి లేదు. ఆ గడ్డ తాగుతాది, నిన్ను తాగి తాగి పెరుగుతాది. ఎవరికీ చుక్క తాపదు. నువ్వు నాకు తాపినావు. నాకు నువ్వు గావల్ల. మందు పని చేస్తాదో లేదో నేను సెప్పలేను, డాక్టరమ్మ కూడా సెప్పలేదు. అయినా పోదాం."

అవతల ఓబులేష్ వల విప్పేసి, వీళ్లవైపు వీపు పెట్టి, అక్కర్లేని ముడులు కూడా విప్పుతూ నిలబడ్డాడు. ఎండ చేను మీదికి వచ్చింది. రోడ్డు మీద ఎక్కడో దూరంగా పత్తికొండ బస్సు హారన్ వినపడింది. మధులత కళ్లు తుడుచుకుని లేచి, బట్టలకు అంటిన ఎండుటాకులు దులుపుకుంది.

"అమ్మా, లే. ఈ బస్సు పోతే మళ్లీ మధ్యాన్నం దాకా బస్సు లేదు" అంది.

హులిగెమ్మ కదల్లేదు. గొర్రెపిల్ల పాలు తాగడాన్నే చూస్తూ కూర్చుంది.

"అమ్మా, నిన్నే. వినపడలేదా?"

బాగానే వినపడింది. మొదటిసారే వినపడింది. బస్సు పోతే పోనీ, ఇంకొకసారి పిలవనీ అని, హులిగెమ్మ వినపడనట్టే తల వంచుకుని కూర్చుంది.